ఐదో స్విచ్

మా ఇల్లు కొనడానికి వచ్చిన పదకొండు పార్టీల్ని నేను ఒంటిచేత్తో వెనక్కి పంపించాను. పది పార్టీలకు నిజాలే చెప్పాను. ఒక్కాయనకు మాత్రం అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఆయన జేబులో టేపు పెట్టుకొచ్చి గోడలన్నీ కొలుస్తుంటే, వానాకాలంలో మా ఇల్లు రెండంగుళాలు కుంచించుకుపోతుందని, ఎండలు రాగానే మళ్లీ మామూలైపోతుందని చెప్పాను. నవ్వలేదు, కన్నార్పలేదు. ఆయనా నవ్వలేదు. వాన పడ్డ మర్నాడు వచ్చి హాలు మళ్లీ కొలుచుకున్నాడు. నిజంగానే అరంగుళం తగ్గిందట. ఇంక రాలేదు.

అమ్మా నాన్నా విడిపోతున్నారు. ఇల్లు అమ్మేసి, చెరిసగం తీసుకుని, ఎవరి దారిన వాళ్లు అద్దెకు వెళ్తారు. ఈ సంగతంతా ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు. "మీరు చెప్పండి," "లేదు, ముందు నువ్వు చెప్పు," అనుకున్నారు. వాళ్లు అంత మర్యాదగా మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు. ఆ మర్యాద చూశాకే ఇక లాభం లేదని నాకు అర్థమైంది.

చిక్కల్లా నేనే. నేనెవరి దగ్గరుంటే వాళ్లు రెండు గదుల ఇల్లు తీసుకోవాలి, రెండోవాళ్లకు ఒక గది చాలు. కాబట్టి నేనేదో ఒకటి చెప్పాలి. "నీ ఇష్టం," అంది అమ్మ. "నీ ఇష్టమే," అన్నాడు నాన్న. వాళ్లిద్దరి మాటా ఆఖరిసారి కలిసింది అక్కడే. అడ్వాన్సు తీసుకునే రోజు దాకా నాకు గడువిచ్చారు. అడ్వాన్సు రాకపోతే నేను చెప్పక్కర్లేదు. నాకు పదిహేడేళ్లు. లెక్కల్లో వీకే గానీ ఈ లెక్క మాత్రం వెంటనే బుర్రకెక్కింది.

ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరుకు నేను చిరునవ్వు గారు అని పేరు పెట్టాను. ఆయన ముఖం మీద నవ్వు ఎప్పుడూ ఉంటుంది. ఒకసారి మా గడప తగిలి కాలి గోరు లేచిపోతే, నవ్వుతూనే కూర్చుని నవ్వుతూనే దూది అడిగాడు. ఆయన పెట్టిన మొదటి షరతు ఏమిటంటే, విడాకుల సంగతి కొనేవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే తొందరలో ఉన్నామని పసిగట్టి రేటు తెగ్గోసేస్తారట. అందుకని, అప్పటికే తన షాపు మీది గదిలోకి మారిపోయిన నాన్న, ప్రతి ఆదివారం తొమ్మిదిన్నరకు మా ఇంటికి డ్యూటీకి వచ్చేవాడు. బూట్లు తీసి సంచిలో దాచి, ఇక్కడే వదిలేసి వెళ్లిన ఇంటి చెప్పులు గుమ్మం దగ్గర పెట్టి, కుర్చీలో కూర్చుని పేపరు విప్పేవాడు. అమ్మ టీ పెట్టేది. నేను పుస్తకం పట్టుకుని సోఫాలో కూర్చునేదాన్ని. పది గంటలకు మేం ముగ్గురం ఒక కుటుంబం అయిపోయేవాళ్లం.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక చల్లారిన టీ చేతిలో పట్టుకుని ఒక పది నిమిషాలు అలాగే కూర్చునేవాళ్లం. నాటకం అయిపోయాక మేకప్ కడుక్కునే ఓపిక లేనివాళ్లలా ఉండేది మా వాలకం. తర్వాత నాన్న బూట్లు వేసుకుని లేచేవాడు.

ఇక మా ఇంటి సంగతి. నాన్న ఎలక్ట్రీషియను. ఊళ్లో సగం ఇళ్లకు ఆయనే వైరింగ్ చేశాడు. మా ఇల్లు కడుతున్నప్పుడు రోజంతా జనాల ఇళ్లు వెలిగించి, సాయంత్రం ఇక్కడికొచ్చి, ఏ గోడ ఆరి ఉంటే ఆ గోడకు స్విచ్ పెట్టేసి వెళ్లేవాడట. అందుకని హాలు ఫ్యాను స్విచ్ వంటింట్లో ఉంటుంది. వంటింటి లైటు స్విచ్ వరండాలో. బాత్రూం లైటు స్విచ్ మాత్రం నా మంచం పక్కన. ఈ చివరి ఏర్పాటు వల్ల నాకు బాల్యం చాలా ఆనందంగా గడిచింది. సబ్బు ముఖంతో ఉన్న బంధువులు లోపల్నుంచి కేకలు పెడితే, కరెంటు పోయిందని చెప్పి వాళ్లకు ధైర్యం చెప్పేదాన్ని.

అమ్మ ల్యాబులో పనిచేస్తుంది. "రోజుకి అరవైమంది చేతుల్లో నరాలు వెతుక్కుని వస్తాను. ఇంటికొచ్చి స్విచ్చులు కూడా వెతుక్కోవాలా?" అనేది. మారుస్తానని నాన్న పదమూడేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఈలోగా ఒకళ్లు వంటింట్లో, ఒకళ్లు హాల్లో నిలబడి "వచ్చిందా?" "రాలేదు," "ఇప్పుడు?" "వచ్చింది," అని అరుచుకోవడం మాకు అలవాటైపోయింది. మా ఇంట్లో ప్రేమ మాటల కన్నా, తిట్ల కన్నా, ఆ "వచ్చిందా" అనేదే ఎక్కువ వినపడింది.

కొనడానికి వచ్చినవాళ్లకు నేను ఇవన్నీ విడమర్చి చెప్పేదాన్ని. కొత్తగా పెళ్లయిన జంటతో, ఈ ఇంట్లో ఒకరు అలిగితే ఇంకొకరు ఫ్యాను లేకుండా పడుకోవాలని చెప్పాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచారు. ఇంకొకాయన ఎందుకు అమ్ముతున్నారమ్మా అని నన్నే అడిగాడు. "ఇల్లు మాకు పెద్దదైపోయిందండీ," అన్నాను. అది నేను జోకుగా అనలేదు. అమ్మ టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆయనకేం అనుమానం వచ్చిందో, మళ్లీ ఫోన్ చేయలేదు.

ఆదివారాలు నన్ను ఏ స్నేహితురాలి ఇంటికో పంపించెయ్యమని చిరునవ్వు గారు అమ్మను బతిమాలాడు. పిల్ల కనపడకపోతే కుటుంబం ఎలా అవుతుందండీ అంది అమ్మ. ఆయన నవ్వుతూనే తల పట్టుకున్నాడు.

అన్నీ చెప్పేదాన్ని గానీ, ఐదో స్విచ్ జోలికి మాత్రం వెళ్లేదాన్ని కాదు.

హాల్లోంచి పడకగదులకు వెళ్లే దారిలో ఒక బోర్డు ఉంది. అందులో ఐదు స్విచ్చులు. నాలుగింటి పని తెలుసు. ఐదోది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. గృహప్రవేశమైన మొదటి వారంలో అమ్మ అడిగితే నాన్న "దాన్ని ముట్టుకోకు," అన్నాడట. అమ్మకు అది మనసులో పడిపోయింది. అప్పట్నుంచి పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేసి, తలుపు గడియ చూసి, ఆఖరున ఆ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకుని పడుకునేది.

నాకు ఆరేళ్లప్పుడు ఇది కనిపెట్టాను. మర్నాడు స్టూలు వేసుకుని ఎక్కి దాన్ని ఆన్ చేశాను. ఏం జరుగుతుందా అని రోజంతా కాచుక్కూర్చున్నాను. ఏమీ జరగలేదు. రాత్రి అమ్మ మాత్రం "దీన్ని ఆన్ చేసి వదిలేశారు మీరు," అంది. నాన్న "నేను ముట్టుకోలేదు," అన్నాడు. "మరి అదే ఎక్కి కూర్చుందా?" "నేను ముట్టుకోలేదన్నానా." నాకు దుప్పట్లో కడుపు పట్టుకుని నవ్వే పనైంది. ఇంత చవగ్గా ఇంత పెద్ద ఫలితం వచ్చే అల్లరి ప్రపంచంలో ఇంకోటి లేదు. మర్నాడు మళ్లీ చేశాను. ఆ మర్నాడూ చేశాను. అలా పదకొండేళ్లు చేశాను.

మధ్యలో ఒకసారి విసుగొచ్చి వారం రోజులు మానేశాను. ఏడో రోజున అమ్మ నాన్నతో, "ఏంటి, దాని మీద కూడా ఆశ వదిలేసుకున్నారా?" అంది. దాని మీద కూడా గొడవైంది. ఇదేదో బాగాలేదని మళ్లీ మొదలుపెట్టాను.

విడాకుల ముందు వాళ్లు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఇద్దరినీ అడిగి ఫిర్యాదులన్నీ వరుసగా రాసుకుని ఒక ఫైలు ఇచ్చింది. ఫైలు సోఫా మీద పడేసి ఉంటే నేను చదివాను. పద్నాలుగు పాయింట్లున్నాయి. తొమ్మిదోది: "పదేళ్లుగా ఒక్క స్విచ్ ఆపమంటే ఆపడు." దాని కింద నాన్న జవాబు: "నేను ముట్టుకోకపోయినా నన్నే అంటుంది. నా మాట నమ్మదు."

మిగతా పదమూడు పాయింట్లు నాకు గుర్తులేవు. తొమ్మిదోది మాత్రం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. మనుషుల్ని విడదీసిన దుర్మార్గుల గురించి వింటుంటాం గానీ, స్టూలెక్కి సంసారం కూల్చినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఇప్పుడు అడ్వాన్సు వచ్చిన రోజున నేనే నిలబడి ఒకళ్ల పేరు చెప్పాలి. అంటే రెండోవాళ్లను ఒంటి గదిలోకి పంపేది కూడా నేనే. ఒకసారి కూల్చింది చాలదా అనిపించేది.

పన్నెండో పార్టీగా కండక్టరమ్మ వచ్చింది.

ఒక్కతే వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫారం మీదే ఉంది, భుజానికి టికెట్ల సంచి వేలాడుతోంది. చిరునవ్వు గారు దారి చూపిస్తూ ముందు నడవబోతే, "నువ్వు కాస్త లోపలికి జరుగు నాయనా, గుమ్మంలో నిలబడకు," అంది. ఆయన తెలియకుండానే రెండడుగులు లోపలికి జరిగాడు. ఆవిడ గొంతుకి ఎవరైనా జరుగుతారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతానని, ఇంతవరకూ సొంత ఇల్లనేది లేదని, మనుషుల మధ్య నిలబడీ నిలబడీ విసుగొచ్చిందని, ఒక్క కుర్చీ వేసుకుని కూర్చునే చోటు కావాలని ఆవిడ చెప్పింది.

నేను పుస్తకం మూసి రంగంలోకి దిగాను. ఈ ఇంట్లో హాలు ఫ్యాను వెయ్యాలంటే ఇద్దరుండాలండీ, ఒకరు వంటింట్లో నొక్కాలి, ఒకరు ఇక్కడ నిలబడి తిరిగిందో లేదో చెప్పాలి, ఒంటరివాళ్లకు ఉక్కపోతే గతి, అన్నాను.

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "తిరిగిందో లేదో గాలి తగిలితే తెలియదా పాపా? డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. వంటింటి దాకా నడుస్తాను."

బాత్రూం లైటు సంగతి చెప్పాను. మా బస్సులో లైటు ముప్ఫై ఏళ్లుగా వెలగలేదంది. వానాకాలం కుంచించుకుపోవడం గురించి ఎత్తాను. "నేనూ కుంచించుకుపోతాను వానకి. సరిపోతుందిలే," అంది. చిరునవ్వు గారి నవ్వు మొదటిసారి నిజమైన నవ్వులా కనపడింది.

నాన్న వంటింట్లో నిలబడి స్విచ్ వేశాడు. అమ్మ హాల్లో నిలబడి, "వచ్చింది," అంది. అంతా సజావుగా జరిగిపోతోంది. ఆవిడ నడుచుకుంటూ దారిలోకి వెళ్లి బోర్డు దగ్గర ఆగింది. ఒక్కో స్విచ్చూ నొక్కి చూస్తూ ఐదోదాని మీద వేలు పెట్టింది.

"ఇదేంటి?"

అమ్మే చెప్పింది, అదేంటో తెలియదని, రాత్రి పడుకునే ముందు మాత్రం ఆపెయ్యాలని. హాల్లోకి వచ్చిన నాన్న ఫ్యాను వైపు చూస్తున్నాడు, అదేదో తను ఎప్పుడూ చూడని యంత్రం అయినట్టు.

"తెలియనిదాన్ని ఎలా కొనుక్కోను చెల్లీ," అంది కండక్టరమ్మ. "తమ్ముడు ఎలక్ట్రీషియను అన్నారుగా. విప్పి చూపించమను."

తర్వాత చూద్దామని నాన్న, చిన్న విషయమేనని చిరునవ్వు గారు, టీ చల్లారిపోతోందని నేను. ఆవిడ కదల్లేదు. చిల్లర ఇవ్వనివాళ్ల పక్కన నిలబడ్డట్టు నిలబడింది. నాన్న జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. నాలుగు స్క్రూలు విప్పాడు. ప్లేటు చేతిలోకి వచ్చింది.

నాలుగు స్విచ్చుల వెనక వైర్లున్నాయి. ఐదోదాని వెనక ఏమీ లేదు. ఎండిపోయిన సాలెగూడు, కాస్త సున్నం పొడి, అంతే.

అమ్మ దగ్గరికొచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"పదమూడేళ్లు," అంది.

నాన్న నేల చూస్తూ చెప్పాడు. షాపులో ఐదు బొక్కల ప్లేటే మిగిలింది. నాలుగు స్విచ్చులే అవసరం. బొక్క వదిలేస్తే పిల్ల వేలు పెడుతుందని ఉత్త స్విచ్ బిగించాడు. ముట్టుకోవద్దన్నది ఆ రోజు బోర్డు చుట్టూ పూసిన సున్నం పచ్చిగా ఉండటం వల్ల. "నువ్వు రోజూ ఆపుతున్నావని నెల తర్వాత చూశాను. అప్పుడే చెప్పాల్సింది. చెబితే నవ్వుతావనుకున్నాను. తర్వాత ఏడాదైంది. ఏడాది ఆపనిచ్చి ఇప్పుడు చెబుతారా అంటావని ఆగాను. తర్వాత ఇంక చెప్పే టైం దాటిపోయింది."

నేను అమ్మ ముఖం చూశాను. కోపం వస్తే బాగుండేది. అరవై చేతుల్లో నరాలు వెతికొచ్చిన ముఖమే అది, ఆదివారం పూట కూడా.

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. నేను చెప్పాలనుకోలేదు. "ఆన్ చేసింది నేనే," అన్నాను. "రోజూ నేనే చేశాను, ఆరేళ్లప్పట్నుంచి. నాన్న ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆ తొమ్మిదో పాయింటు ఉందే, అది ఇద్దరిదీ కాదు. అది కొట్టేయించండి. కావాలంటే ఆ కౌన్సెలర్ దగ్గరికి నేనూ వచ్చి చెబుతాను."

చిరునవ్వు గారి నవ్వు ఆరిపోయింది. నవ్వు లేకుండా ఆయన ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు. మంచివాడిలానే ఉన్నాడు.

"తెలుసు," అంది అమ్మ.

"నాకూ తెలుసు," అన్నాడు నాన్న.

పదకొండేళ్ల ఆపరేషను. ఇంట్లో పిల్లికి కూడా అనుమానం రాలేదనుకున్నాను.

"స్టూలు," అంది అమ్మ. "ఎక్కి ఆన్ చేసేదానివి. దిగి ఆడుకోవడానికి పోయేదానివి. స్టూలు అక్కడే ఉండేది. రోజూ నేనే తీసి వంటింట్లో పెట్టేదాన్ని."

"ఒక్కోసారి నేను తీసేవాణ్ని," అన్నాడు నాన్న.

"మరి తెలిసి ఎందుకు పోట్లాడుకున్నారు?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

అమ్మ గోడకు ఆనుకుంది. "పెద్దవాటి మీద పోట్లాడాలంటే ఓపిక కావాలే. మాకది ఎప్పుడో అయిపోయింది. ఇదైతే చిన్నది. రెండు మాటలు అనుకుని పడుకోవచ్చు."

"అది కూడా లేకపోతే ఆ రెండు మాటలు కూడా ఉండేవి కావు," అన్నాడు నాన్న. అమ్మ అవునన్నట్టు తలూపింది. ఇద్దరూ ఒకేలా అలసిపోయి ఉన్నారు. విడిపోవడానికి ఆ స్విచ్ కారణం కాదని నాకు అప్పుడు నిజంగా నమ్మకం కలిగింది. అంత అలసట ఒక్క స్విచ్ వల్ల రాదు. దానికి ఇద్దరు మనుషులు చాలా ఏళ్లు కష్టపడాలి.

కండక్టరమ్మ ఇదంతా సంచి గుండెలకు ఆనించుకుని విన్నది. చిరునవ్వు గారు ఆవిడ దగ్గరికి వెళ్లి ఏదో సర్దిచెప్పబోయాడు. మీరేం కంగారు పడకండి, చిన్న కుటుంబ విషయం, అంటున్నాడు.

"నాకు గుమ్మం దగ్గరే తెలిసింది నాయనా," అంది ఆవిడ. "రోజూ వేసుకునే చెప్పుల మీద వారం రోజుల దుమ్ము ఎలా ఉంటుంది? ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను. పక్కపక్కన కూర్చుని ఎవరి టికెట్టు వాళ్లు తీసుకునేవాళ్లు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

రేటు తగ్గించమంటుందేమోనని ఆయన గుటకలు మింగాడు. ఆవిడకు అది అర్థమైంది. "ఇంటికి రేటు ఇస్తాను. వీళ్ల సంసారం నేను కొనడం లేదుగా తగ్గించమని అడగడానికి," అంది. అడ్వాన్సు కవరు సంచిలోంచి తీసి టీ కప్పుల పక్కన పెట్టింది. వెళ్తూ వెళ్తూ నా నెత్తి మీద చెయ్యి వేసి, ఆ స్విచ్ మాత్రం నాకు వద్దు పాపా, నువ్వే ఉంచుకో, అని వెళ్లిపోయింది.

చిరునవ్వు గారు కూడా వెళ్లిపోయాడు. మేం ముగ్గురం మిగిలాం. ఎప్పటిలాగే పది నిమిషాలు. నాన్న ఐదో స్విచ్ ఊడదీసి, ఆ బొక్కకు అట్టముక్క కత్తిరించి అడ్డం పెట్టి, ప్లేటు మళ్లీ బిగిస్తున్నాడు. అమ్మ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. ఇద్దరిలో ఎవరూ నన్ను అడగలేదు. కవరు టేబుల్ మీద ఉంది.

"అమ్మ దగ్గరుంటాను," అన్నాను.

ఇద్దరూ చేస్తున్న పని ఆపారు. దాని వెనక జోకు ఏమైనా వస్తుందేమోనని కాసేపు ఆగారు. రాలేదు. పదిహేడేళ్లలో నేను మామూలుగా చెప్పిన మొదటి మాట అదే అయి ఉంటుంది.

"ఊఁ," అన్నాడు నాన్న. ఆఖరి స్క్రూ బిగించి, బిగిసిందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు. "నాకు షాపు మీది గది సరిపోతుంది. ఆదివారాలు రా."

"వస్తాను."

"పొద్దున్నే రా. తొమ్మిదిన్నరకి. నాకు ఆ టైం అలవాటైపోయింది."

స్విచ్ నా చేతిలో పెట్టి, సంచిలోంచి బూట్లు తీసుకున్నాడు. గుమ్మం దగ్గరి చెప్పులు ఈసారి ఇక్కడ వదలకుండా సంచిలో వేసుకున్నాడు.

ఇప్పుడు నేనూ అమ్మా మూడో అంతస్తులో ఉంటున్నాం. ఇక్కడ స్విచ్చులన్నీ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి, అందుకని అమ్మకు ఏదీ దొరకడం లేదు. హాల్లో ఉక్కపోస్తే ఇప్పటికీ లేచి వంటింట్లోకి వెళ్లి ఖాళీ గోడను తడుముతుంది. నేను సోఫాలోంచి "వచ్చిందా?" అంటాను. "నోరు ముయ్యి," అంటుంది.

ఐదో స్విచ్ ఫ్రిజ్ మీద పెట్టాను. ఏ గోడకూ లేదు, ఏ వైరుకూ లేదు, ఊరికే వెల్లకిలా పడుకుని ఉంటుంది. కాలేజీకి వెళ్లేటప్పుడు దాన్ని ఆన్ చేసి వెళ్తాను. సాయంత్రం వచ్చి చూస్తే ఆఫ్‌లో ఉంటుంది. అమ్మ దాని గురించి ఒక్క మాట కూడా అనదు. నేనూ అనను.

మొన్న ఆదివారం నాన్న గదికి వెళ్తే, దాన్నేం చేశావని అడిగాడు. చెప్పాను.

"ఆపుతోందా?" అన్నాడు.

"రోజూ."

కాసేపు టీ తాగాడు. తర్వాత, అంత ఎక్కువగా వాడితే లోపల స్ప్రింగు వదులైపోతుందని, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురమ్మని, ఒకసారి విప్పి చూస్తానని చెప్పాడు.